కటకమూ కాంతీ: మీ మొదటి డిజిటల్ కెమెరాకు చరిత్ర చెప్పే పాఠం



మీలో కొందరి ఇంట్లో ఇప్పటికే ఒక చిన్న డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ కెమెరానో, మిర్రర్‌లెస్ కెమెరానో ఉండవచ్చు. మరికొందరు స్కాలర్‌షిప్ డబ్బులో కొంత మిగుల్చుకుని, ఎవరో వాడిన కెమెరాను చవకగా కొనాలని చూస్తూ ఉండవచ్చు. కెమెరా చేతికొచ్చిన నెల రోజులకే రెండు ప్రశ్నలు మొదలవుతాయి. దీనికి ఇంకే లెన్సు కొనాలి? ఫ్లాష్ విడిగా కొనాలా? దుకాణంలో అడిగితే జూమ్ ఎంత ఎక్కువైతే అంత మంచిదంటారు. స్నేహితుణ్ణి అడిగితే తాను కొన్నదే కొనమంటాడు. ఈ పాఠంలో మనం అదే ప్రశ్నను చరిత్రను అడుగుదాం.

ఫోటోగ్రఫీ లోకానికి తెలిసి 180 ఏళ్లు దాటింది. ఈ కాలంలో బొమ్మను పట్టే పలక ఎన్నోసార్లు మారింది. మొదట వెండిపూత పూసిన రాగిరేకు, తర్వాత కాగితం, గాజుపలక, ఫిల్ము, ఇప్పుడు సెన్సర్. కానీ కెమెరా పట్టిన మనిషి తేల్చుకోవలసిన సంగతులు రెండూ అలాగే ఉన్నాయి. చాలినంత వెలుగు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? ఎదుటి మనిషికి ఎంత దూరంలో నిలబడాలి? లెన్సు, ఫ్లాష్ అనేవి ఈ రెండు ప్రశ్నలకూ మనం ఇచ్చుకునే జవాబులు. మన దేశంలో ఎవరెవరు ఏ జవాబు ఇచ్చుకున్నారో తెలుసుకుంటే, మీ చేతిలోని కొద్దిపాటి డబ్బును దేనికి ఖర్చు చేయాలో మీరే నిర్ణయించుకోగలుగుతారు.

వెలుగు కోసం వెతుకులాట

1839 ఆగస్టులో పారిస్‌లో లూయీ డాగేర్ కనిపెట్టిన పద్ధతిని బహిరంగంగా వెల్లడించారు. ఆనాటి కెమెరాలో వాడిన లెన్సు ద్వారం సుమారు ఎఫ్/16. ఈ ఎఫ్ సంఖ్య అంటే ఏమిటో ఇక్కడే తెలుసుకుందాం, ఎందుకంటే లెన్సు కొనేటప్పుడు మీరు చదవవలసిన మొదటి అంకె ఇదే. భౌతికశాస్త్రంలో కటకానికి నాభ్యంతరం ఉంటుందని చదివారు కదా. ఆ నాభ్యంతరాన్ని వెలుగు లోపలికి వచ్చే ద్వారపు వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఎఫ్ సంఖ్య. భాగించేది పెద్దదైతే ఫలితం చిన్నదవుతుంది. కాబట్టి ఎఫ్ సంఖ్య చిన్నదైతే ద్వారం పెద్దదని, వెలుగు ఎక్కువగా వస్తుందని అర్థం.

ఎఫ్/16 అంటే చిన్న ద్వారం. అప్పటి రేకులు కూడా వెలుగును మెల్లగా గ్రహించేవి. అందువల్ల ఒక్క బొమ్మకు నిమిషాల కొద్దీ సమయం పట్టేది. కొండలూ కట్టడాలూ కదలకుండా నిలబడతాయి, మనుషులు నిలబడలేరు. ఈ చిక్కును విప్పినవాడు వియన్నాలో గణితాచార్యుడైన జోసెఫ్ పెట్జ్‌వాల్. 1840లో ఆయన లెక్కలు కట్టి రూపొందించిన లెన్సు ద్వారం సుమారు ఎఫ్/3.6. వచ్చే వెలుగు ద్వారపు వైశాల్యాన్ని బట్టి, అంటే వ్యాసపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 16ను 3.6తో భాగించి వర్గం చేసి చూడండి. దాదాపు ఇరవై రెట్లు! రసాయనాలూ మెరుగుపడడంతో నిమిషాల పని సెకన్లలోకి వచ్చింది. మనిషి ముఖాన్ని ఫోటో తీయడం ఒక వృత్తిగా నిలబడడానికి దారితీసిన ప్రధాన కారణాల్లో ఈ లెన్సు ఒకటి.

ఇంత త్వరగా కాకపోయినా ఈ విద్య మన దేశానికీ ఆలస్యం కాకుండానే చేరింది. 1840 నాటికే డాగేర్ పద్ధతి కలకత్తాకు వచ్చింది. 1854లో బొంబాయిలో, 1856లో కలకత్తా, మద్రాసు నగరాల్లో ఫోటోగ్రఫీ సంఘాలు ఏర్పడ్డాయి. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వం లినయస్ ట్రైప్ అనే సైనికాధికారిని తన ఫోటోగ్రాఫరుగా నియమించుకుంది. 1858లో ఆయన తంజావూరు, మదురై ఆలయాలను పెద్ద పెద్ద కాగితపు నెగెటివులపై తీశాడు. తంజావూరు బృహదీశ్వరాలయపు పునాది గోడలపై ఉన్న శాసనం చాలా పొడవైనది. దానంతటినీ ఒక్కసారిగా చూపే లెన్సు లేదు. ట్రైప్ ఏం చేశాడు? కెమెరాను జరుపుకుంటూ వెళ్లి ముక్కలు ముక్కలుగా తీసి, 21 బొమ్మలను పక్కపక్కనే అతికించాడు. ఆ చిత్రం పొడవు దాదాపు 19 అడుగులు. లెన్సుకు అందనిదాన్ని కాళ్లతో అందుకున్న మనిషిగా ఆయన్ని గుర్తుపెట్టుకోండి. జూమ్ లెన్సు గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ మాట మళ్లీ అవసరమవుతుంది.

1863లో ఇంగ్లండు నుంచి వచ్చిన శామ్యూల్ బోర్న్ హిమాలయాల్లోకి మూడుసార్లు యాత్ర చేశాడు. 1866లో సుమారు 18,600 అడుగుల ఎత్తున ఉన్న మణిరంగ్ కనుమ వద్ద ఫోటోలు తీశాడు. అప్పటి తడి గాజుపలకలకు రసాయనం అక్కడికక్కడే పూయాలి, తడి ఆరకముందే కడగాలి. కెమెరా, గాజుపలకలు, రసాయనాలు, చీకటి గుడారం మోయడానికి పదుల సంఖ్యలో కూలీలు వెంట నడిచారు. ఆ బొమ్మల కింద బోర్న్ పేరు ఉంది. మోసినవారి పేర్లు చాలావరకు లేవు. ఒక ఫోటో వెనుక ఎందరి శ్రమ ఉంటుందో ఆలోచించేటప్పుడు దీన్నీ లెక్కలోకి తీసుకోండి.

గాజు కప్పు కింద

ఇప్పుడు మన సికింద్రాబాదుకు వద్దాం. 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టిన దీన్ దయాళ్ రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ప్రజాపనుల శాఖ ఉద్యోగిగా చేరాడు. ఫోటోగ్రఫీని ఉద్యోగం చేస్తూనే నేర్చుకున్నాడు. 1880లలో సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. నిజాం ఆయనకు రాజా బిరుదు ఇచ్చాడు. 2006లో భారత తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది.

ఆ కాలపు స్టూడియోలకు విద్యుద్దీపాల బలం లేదు. వెలుగు కావాలంటే పైకప్పులో గాజు అమర్చి, ఆకాశాన్నే దీపంగా వాడుకోవాలి. ఎండ నేరుగా పడితే ముఖంపై నల్లని నీడలు గీతల్లా పడతాయి. అందుకని తెరలు కట్టి, వెలుగును వడగట్టి, ఒక పక్క నుంచి మెత్తగా పడేలా చేసేవారు. ఆనాటి మంచి చిత్తరువుల్లో బుగ్గల గుండ్రదనం, పట్టుబట్ట మెరుపు కనబడతాయంటే కారణం ఈ మెత్తని వెలుగే. మీ కెమెరా ముందుభాగం నుంచి నేరుగా కొట్టే చిన్న ఫ్లాష్‌కూ, పక్క కిటికీ నుంచి వచ్చే వెలుగుకూ ఉన్న తేడా ఇదే.

దీన్ దయాళ్ మరో పని చేశాడు. 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక జెనానా స్టూడియో ప్రారంభించాడు. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు పరాయి మగవాడి ముందు కూర్చోలేరు. కాబట్టి ఆ స్టూడియో నిర్వహణను కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించాడు. లెన్సు ఎంత మంచిదైనా, కెమెరా వెనుక ఎవరున్నారన్నది ఎదుటివారికి ముఖ్యమని ఆయన గ్రహించాడు.

వెలుగును వెంట తీసుకుపోవడం

ఆకాశాన్ని గదిలోకి తేవచ్చు గానీ, రాత్రిపూట ఏం చేయాలి? మెగ్నీషియం తీగను మండిస్తే కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగు వస్తుందని 1860లలో ఫోటోగ్రాఫర్లు కనుగొన్నారు. 1887లో జర్మనీలో ఆడాల్ఫ్ మీథే, యోహానెస్ గేడికే మెగ్నీషియం పొడిలో పొటాషియం క్లోరేట్ వంటివి కలిపి ఫ్లాష్ పౌడర్ తయారుచేశారు. అంటించగానే భగ్గుమని ఒక్క క్షణంలో మండిపోయే పొడి అది. దీపావళి మతాబు తెలిసిన మనకు ఆ పొగ, ఆ వాసన, ఆ ప్రమాదం వేరే చెప్పనక్కర్లేదు. చేతులు కాల్చుకున్నవారూ, గదులు అంటించినవారూ ఉన్నారు.

1929లో జర్మనీలో గాజుబుడ్డి లోపలే రేకు మండే ఫ్లాష్ బల్బు అమ్మకానికి వచ్చింది. పొగ పోయింది, ప్రమాదం తగ్గింది. అయితే ఒక బల్బు ఒకే ఒక్క ఫోటోకు పనికివస్తుంది. అదే కాలంలో, 1931 నుంచి, అమెరికాలో హెరాల్డ్ ఎడ్జర్టన్ కెపాసిటర్‌లో నిల్వచేసిన విద్యుత్తును వాయువు నింపిన గొట్టం గుండా ఒక్కసారిగా పంపి, మళ్లీ మళ్లీ వెలిగే ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌ను అభివృద్ధి చేశాడు. మీ కెమెరాలోని ఫ్లాష్ ఆ వంశానిదే.

మన దేశంలో ఫ్లాష్ బల్బుల కాలానికి గొప్ప ప్రతినిధి హోమాయ్ వ్యారవాలా. 1913లో నవసారిలో పుట్టి, బొంబాయిలో చదువుకుని, 1942లో ఢిల్లీ చేరిన ఆమె భారతదేశపు తొలి మహిళా పత్రికా ఫోటోగ్రాఫర్‌గా ప్రసిద్ధి పొందారు. చీర కట్టుకుని, బరువైన స్పీడ్ గ్రాఫిక్ ప్రెస్ కెమెరాను మోసుకుంటూ ఆమె తీసిన చిత్రాల్లో 1947లో విభజనకు సమ్మతిస్తూ నాయకులు చేతులెత్తిన సమావేశమూ ఉంది, ఎర్రకోటపై ఎగిరిన జెండా కూడా ఉంది. సాయంత్రపు విందులు, మసక వెలుతురు సమావేశ మందిరాలు ఆనాటి ఫిల్ముకు తేలిగ్గా లొంగేవి కావు. పేలిన ప్రతి బల్బుకూ మళ్లీ కొత్తది తొడగాలి, కాబట్టి ఏ క్షణం కోసం దాచుకోవాలో ముందే తెలిసి ఉండాలి. 2011లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మవిభూషణ్ ఇచ్చింది. 2012లో ఆమె కన్నుమూశారు. ఫ్లాష్ చెడ్డదని ఎవరైనా మీతో అంటే, అది లేకపోతే మనకు దక్కకుండా పోయే చరిత్ర ఎంత ఉందో గుర్తుచేయండి.

మూడు బల్బులు, మూడు షరతులు

ఇప్పుడు ఈ పాఠంలో కీలకమైన ఘట్టానికి వచ్చాం. 1946లో అమెరికాలోని లైఫ్ పత్రిక తరఫున మార్గరెట్ బోర్క్-వైట్ గాంధీజీ నూలు వడుకుతుండగా ఫోటో తీయడానికి వచ్చారు. ముందు రాట్నం తిప్పడం నేర్చుకోండి, తర్వాతే ఫోటో అన్నారు ఆశ్రమవాసులు. ఆమె నేర్చుకున్నారు. గది చీకటిగా ఉంది, ఫ్లాష్ తప్పదు. చివరికి మూడంటే మూడు బల్బులకు అనుమతి దొరికింది. మొదటి రెండు ప్రయత్నాలూ వృథా అయ్యాయి. మూడోది పనిచేసింది. ముందు రాట్నం, వెనుక చాపపై కూర్చుని కాగితాలు చదువుకుంటున్న గాంధీజీ ఉన్న ఆ బొమ్మను మీరు ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు.

ఇంతకన్నా కఠినమైన షరతులతో పనిచేసిన మరో ఫోటోగ్రాఫర్ ఉన్నాడు. ఆయన పేరు కనూ గాంధీ. గాంధీజీకి వరుసకు మనవడు, 1917లో జన్మించాడు. సేవాగ్రామంలో ఉంటూ ఫోటోలు తీయాలని ఆశపడ్డాడు. కెమెరాకు డబ్బు లేదు. ఘనశ్యామ్ దాస్ బిర్లా 100 రూపాయలు ఇస్తే రోలీఫ్లెక్స్ కెమెరా, ఫిల్ము కొనుక్కున్నాడు. గాంధీజీ మూడు షరతులు పెట్టారు. ఫ్లాష్ వాడకూడదు. ఫోటో కోసం ఇలా కూర్చోండి, అలా చూడండి అని అడగకూడదు. ఆశ్రమం దీనికి డబ్బు ఇవ్వదు.

రోలీఫ్లెక్సుకు మార్చుకునే లెన్సు ఉండదు, జూమ్ ఉండదు. ఒక్కటే లెన్సు, బిగించి ఉంటుంది. అంటే కనూ గాంధీ చేతిలో ఉన్నవి ఏమిటి? ఒక స్థిరమైన లెన్సు, కిటికీ వెలుగు, నడిచే కాళ్లు, ఎదురుచూసే ఓపిక. గాంధీజీ జీవితపు చివరి దశాబ్దాన్ని ఆయన అంత దగ్గరగా చూపగలిగాడు. వెనుక నుంచి తీసిన చిత్రాలు, తూకం యంత్రంపై నిలబడిన గాంధీజీ, జనంలో చేయి చాచిన గాంధీజీ, కస్తూరిబా చివరి రోజులు... వీటిలో ఏదీ నిలబెట్టి తీసినట్టు ఉండదు.

ఇక 1948 జనవరి 30. ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ ఆన్రీ కార్తియే-బ్రెసోఁ ఆ మధ్యాహ్నం ఢిల్లీలోని బిర్లా భవన్‌లో గాంధీజీని కలిసి వచ్చాడు. కొద్దిసేపటికే హత్య వార్త తెలిసి వెనక్కి పరుగెత్తాడు. ఆయన పద్ధతి అందరికీ తెలిసిందే. చిన్న లైకా కెమెరా, ఎక్కువగా 50 మి.మీ. లెన్సు, ఫ్లాష్ అసలు వాడడు. ఆ రాత్రి భవనం ద్వారం దగ్గర నెహ్రూ జనానికి వార్త చెబుతున్న దృశ్యాన్ని ఆయన అక్కడున్న దీపపు వెలుగులోనే తీశాడు. ఆ బొమ్మ మసకగా ఉంటుంది. అయినా ఆ రాత్రి దేశం ఎలా ఉందో దానిలో కనబడుతుంది.

బోర్క్-వైట్ కూడా అక్కడికి చేరుకున్నారు. గాంధీజీ భౌతికకాయం ఉన్న గదిలో ఆమె ఫ్లాష్ వెలిగించారు. దుఃఖంలో ఉన్నవారు భరించలేకపోయారు. ఆమె కెమెరాలోని ఫిల్మును తీసేయించి, ఆమెను బయటికి పంపేశారు. రెండేళ్ల కిందట మూడు బల్బులకు అనుమతి అడిగి పొందిన ఫోటోగ్రాఫరే ఆమె. విభజన కష్టాలను ప్రపంచానికి చూపినవారిలో ఒకరు. ఆమె ప్రతిభను తక్కువ చేయడానికి ఈ సంఘటన చెప్పడం లేదు. ఒకే పరికరం, ఒకే చేయి. మొదటిసారి అనుమతి ఉంది, రెండోసారి లేదు. లెన్సు ఎదుటివారి నుంచి వచ్చే వెలుగును తీసుకుంటుంది. ఫ్లాష్ మన వెలుగును వారిపై వేస్తుంది. కాబట్టి ఫ్లాష్ వాడడమంటే ఎదుటివారి గదిలోకి అడుగుపెట్టడం వంటిది. తలుపు తట్టి వెళ్లాలి.

తెల్లగుడ్డతో చేసిన ఆకాశం

కృత్రిమమైన వెలుగు తప్పనిసరి అయినప్పుడు దాన్ని మెత్తగా ఎలా చేయాలి? దీనికి గొప్ప జవాబు కలకత్తాలో ఒక స్టూడియోలో దొరికింది. సత్యజిత్ రాయ్ 1956 నాటి 'అపరాజితో' చిత్రంలో కాశీలోని ఒక ఇంటి లోపలి ముంగిలి కనిపిస్తుంది. వానల భయంతో కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్త ఆ ముంగిలిని ఆరుబయట కాకుండా స్టూడియో లోపల కట్టవలసి వచ్చింది. నిజమైన ముంగిలిలో పైనున్న ఆకాశం నుంచి నీడలు పడని వెలుగు అన్ని వైపులా పరుచుకుంటుంది. స్టూడియో దీపాలు నేరుగా వేస్తే ఒక్కొక్క మనిషికి నాలుగైదు నీడలు పడతాయి.

ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్రకు అప్పటికి ఇరవై అయిదు, ఇరవై ఆరేళ్లు. 'పథేర్ పాంచాలి'కి ముందు ఆయన సినిమా కెమెరాతో పనిచేసినవాడే కాదు. ఆయన ముంగిలి పైన తెల్లని గుడ్డను ఆకాశంలా పరిచి, దీపాలను కింది నుంచి ఆ గుడ్డపైకి తిప్పాడు. గుడ్డపై పడి తిరిగి వచ్చిన వెలుగు నిజమైన ఆకాశపు వెలుగులా పరుచుకుంది. చూసినవారు అది కాశీలోని నిజమైన ఇల్లే అనుకున్నారు. మరుసటి సంవత్సరం, 1957లో, మద్రాసులో తయారైన 'మాయాబజార్'లో మార్కస్ బార్ట్లే సృష్టించిన వెన్నెలను తెలుగువారు నేటికీ తలుచుకుంటారు. వెలుగును ఎంత వేశామన్నదానికన్నా ఎటు నుంచి, దేని మీదుగా వేశామన్నది ముఖ్యమని ఈ ఇద్దరి పని మనకు చెబుతుంది. దీని ప్రయోజనం మీ జేబుకు కూడా ఉంది. ఎలాగో ఇప్పుడు చూద్దాం.

ఇక మీ కెమెరా

2003లో కెనాన్ 300డి అమెరికాలో వెయ్యి డాలర్ల లోపు ధరకు వచ్చింది. అక్కడి నుంచి మార్చుకునే లెన్సులున్న డిజిటల్ కెమెరా సామాన్యుల చేతికి రావడం మొదలైంది. ఇటువంటి కెమెరాలతో పాటు సాధారణంగా 18-55 మి.మీ. జూమ్ లెన్సు ఇస్తారు. దానిపై 3.5-5.6 అని ఉంటుంది. అంటే విశాలంగా చూపే చివర ఎఫ్/3.5, దగ్గరగా చూపే చివర ఎఫ్/5.6 అని అర్థం. పగటివేళ ఆరుబయట ఈ లెన్సు చక్కగా పనిచేస్తుంది. దీన్ని తక్కువ చేసి చూడవద్దు. చిక్కంతా గదిలోనూ, సాయంత్రం వేళనూ వస్తుంది.

మీరు కొనదగిన మొదటి లెన్సు జూమ్ లేని 35 లేదా 50 మి.మీ., ఎఫ్/1.8 లెన్సు. పెట్జ్‌వాల్ లెక్కను మళ్లీ వేయండి. 5.6ను 1.8తో భాగించి వర్గం చేస్తే దాదాపు పది రెట్లు వెలుగు. జూమ్ లెన్సుతో సెకనులో 8వ వంతు కావలసిన చోట, దీనితో 80వ వంతు చాలు. చేయి వణికినా, తాతగారు తల తిప్పినా బొమ్మ చెదరకుండా వస్తుంది. ఈ రెండింటిలో ఏది? ప్రారంభ స్థాయి కెమెరాల సెన్సర్ పాత ఫిల్ము కన్నా చిన్నది. అందువల్ల దృశ్యం ఒకటిన్నర రెట్లు దగ్గరగా కత్తిరించినట్టు కనిపిస్తుంది. 35 మి.మీ. లెన్సు దాదాపు కార్తియే-బ్రెసోఁ 50 మి.మీ. లెన్సులా చూస్తుంది. గదులకు, వీధికి, మనుషుల మధ్య తిరగడానికి అది అనువు. 50 మి.మీ. లెన్సు ముఖాలకు బాగుంటుంది, కానీ ఇరుకు గదిలో వెనక్కి జరగడానికి చోటు చాలదు.

ఒక హెచ్చరిక. ఎఫ్/1.8 దగ్గర స్పష్టంగా కనిపించే లోతు చాలా పలచన. దగ్గరి నుంచి తీస్తే కన్ను స్పష్టంగా ఉండి చెవి మసకబారుతుంది. పదిమంది నిలబడిన ఫోటోకు ఎఫ్/5.6 లేదా ఎఫ్/8కి మూయండి.

మరి పొడవాటి జూమ్? 55-250 లేదా 70-300 మి.మీ. లెన్సులు పక్షులకు, ఆటలకు, వేదిక దగ్గరికి పోలేని చోట్లకు అవసరం. కానీ మనుషుల్ని దూరం నుంచి వారికి తెలియకుండా తీయడానికే అది కొనాలనుకుంటే ఒక్కసారి ఆగండి. ట్రైప్ శాసనం దగ్గరికి నడిచాడు. మీరూ నడిచి వెళ్లి, పలకరించి, అడిగి తీస్తే బొమ్మా మారుతుంది, మీరూ మారతారు.

ఇప్పుడు ఫ్లాష్. కెమెరాలోనే ఉండే ఫ్లాష్ బలాన్ని గైడ్ నంబరుతో చెబుతారు. ఐఎస్ఓ 100 దగ్గర అది చాలా కెమెరాల్లో మీటర్లలో సుమారు 12. ఈ అంకెను ఎఫ్ సంఖ్యతో భాగిస్తే వెలుగు ఎంత దూరం అందుతుందో వస్తుంది. 12ను 5.6తో భాగిస్తే రెండు మీటర్ల పైచిలుకు, అంతే. ఐఎస్ఓను 1600కు పెంచితే దూరం నాలుగు రెట్లు, అంటే దాదాపు ఎనిమిదిన్నర మీటర్లు. ఇరవై మీటర్ల దూరంలోని వేదికపై మీ చెల్లెలి కూచిపూడికి ఆ వెలుగు అందదు. ముందు వరుసలోని తలలు మాత్రం తెల్లగా మెరుస్తాయి. అలాంటి చోట ఫ్లాష్ ఆపేసి, ద్వారం పెద్దగా తెరిచి, వేదిక దీపాల వెలుగులోనే తీయండి. వెలుగు దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుందన్న సూత్రమే ఇది.

విడి ఫ్లాష్ కొనదలిస్తే ఒక్కటే పట్టుదల పెట్టుకోండి. దాని తల పైకి, పక్కకు తిరగాలి. తల తిరిగితే సుబ్రత మిత్ర గుడ్డ మీకూ దొరికినట్టే. తెల్లని సున్నం వేసిన పైకప్పు వైపో, పక్క గోడ వైపో తిప్పి వెలిగిస్తే మెత్తని వెలుగు ముఖాలపై పరుచుకుంటుంది. కళ్లలో ఎర్రదనమూ రాదు. కప్పు మరీ ఎత్తుగా ఉంటే వెలుగు తిరిగి రాదు. గోడ ఆకుపచ్చదైతే ముఖాలూ ఆకుపచ్చగా వస్తాయి. ఫ్లాష్ రాత్రికే అనుకోవద్దు. వెనుక ఎండ ఉండి ముఖం నల్లగా వచ్చేటప్పుడు పగలే కొద్దిగా వెలిగిస్తే ముఖం తేరుకుంటుంది.

సెకండ్‌హ్యాండ్ కొనేవారు మూడు పరీక్షలు చేయండి. లెన్సును దీపానికి ఎదురుగా పట్టి చూడండి. లోపల సాలెగూడు వంటి తెల్లని పోగులు కనిపిస్తే అది బూజు, కొనవద్దు. మన కోస్తా తేమలో ఇది తరచుగా పడుతుంది. మీ లెన్సులనూ సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో ఉంచండి. రెండు, పాత ఆటోఫోకస్ లెన్సు మీ కెమెరాపై తానుగా ఫోకస్ చేస్తుందో లేదో బిగించి చూడండి. 2006లో వచ్చిన నికాన్ డి40 వంటి చవక కెమెరాల్లో ఫోకస్ మోటారు ఉండదు, లెన్సులోనే ఉండాలి. మూడు, ఫిల్ము కాలపు ఫ్లాష్‌ను తెలియకుండా తగిలించవద్దు. కొన్నింటి ట్రిగ్గర్ వోల్టేజి వందల్లో ఉంటుంది. డిజిటల్ కెమెరా సర్క్యూట్ దెబ్బతినవచ్చు.

మీరు చేయవలసిన పని

ఏదైనా కొనడానికి ముందు ఒక వారం కనూ గాంధీ షరతులతో గడపండి. ఫ్లాష్ వెలిగించకండి. మీ జూమ్ లెన్సును 35 దగ్గర ఉంచి కదపకండి. కెమెరా లేనివారు ఫోనులో జూమ్ వాడకుండా ఇదే చేయవచ్చు. ఎవరినీ ఇలా నిలబడండి అని అడగకండి, అనుమతి మాత్రం తప్పకుండా అడగండి. ఇంట్లో వంట, వీధి చివర ఇస్త్రీ బండి, సాయంత్రం ట్యూషన్... మీకు అందే ఒక్క చోటును ఎంచుకుని రోజూ తీయండి.

వారం చివర ఒక కాగితంపై మూడు నిలువు వరుసలు గీయండి. వెలుగు చాలక పోయిన ఫోటోలు ఎన్ని? దగ్గరికి పోలేక పోయిన ఫోటోలు ఎన్ని? ఎదుటివారు వద్దన్నందువల్ల తీయనివి ఎన్ని? మొదటి వరుస పెద్దదైతే ఎఫ్/1.8 లెన్సు, ఆ తర్వాత తల తిరిగే ఫ్లాష్ కొనండి. రెండో వరుసలో పక్షులు, ఆటలు ఎక్కువైతే పొడవాటి జూమ్ గురించి ఆలోచించండి. మూడో వరుసలో ఉన్నవారి ఇంటికి వచ్చే వారం కెమెరా లేకుండా ఒకసారి వెళ్లి రండి.